వేట బంగళాను కొలిచిన మా అత్త

పోయిన నెల ఒక శనివారం పొద్దున కొట్లో జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీత గీస్తున్నాను. మా నాయన ఫోన్ చేశాడు. "మీ అత్త పోయిందమ్మా," అన్నాడు. ఎట్లా అని నేను అడగకముందే ఆయనే చెప్పాడు. "టీ తాగతా కూసోనుండాది. గ్లాసు కింద పెట్టి, కిటికీ తట్టు సూసి, 'ఆ రెక్క వంకర పోయిందిరా' అనింది. నేను లేసి పొయ్యి సూస్తి. నిజంగానే వంకర పోయుండాది. ఆ మాట చెప్దామని ఇట్లా తిరిగేలోపల..." అని ఆగిపోయాడు. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. మా అత్త సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఆ వరసలోనే ఏడుస్తారు.

అత్త అంటే మా నాయనకు అక్క. చిత్తూరులో ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా పనిచేసి రిటైరయింది. రెండు జిల్లాలకు వినపడే గొంతు, ఎప్పుడూ సుద్దపొడి అంటిన చేతులు, రొంటిన దోపిన సుద్దముక్క, ఒక పాత లూనా బండి. ఆ బండి మీద ఆమె వస్తుంటే ముందు చప్పుడు, తర్వాత పొగ, ఆ తర్వాత ఆమె కనపడేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదత్తా అని ఒకసారి అడిగాను. "వచ్చినోళ్ళంతా నా పొడుగు సూసినారు, వెడల్పు సూసినారు. నేను గూడా వాళ్ళను కొలిచినా. సరిపోలేదు," అనింది. ఆ మాట చెప్పి తనే ముందు నవ్వింది.

ఆమెకు కొలిచే పిచ్చి. ఎవరింటికి పోయినా కాళ్ళు కడుక్కునేలోపే వాళ్ళ గడప పొడవెంతో చెప్పేసేది. బస్సులో సీటు కొలిచేది. గుడిలో తీర్థం పుచ్చుకుంటూ స్తంభం చుట్టూ చేయి వేసి చూసేది. ఆమెను సాగనంపిన రోజు పాడె కడుతున్న వాళ్ళల్లో ఒకాయన వెదురు పక్కన పెట్టి, "టీచరమ్మ లేసొచ్చి 'ఇది పొట్టిగా ఉండాది, మార్చండి' అంటాదేమోనని భయంగా ఉండాదప్పా," అన్నాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళు కూడా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దుఃఖమో నవ్వో పక్కవాళ్ళకు తెలియలేదు.

క్లాసులో పిల్లలకు ఆమె చెప్పే మాట ఒకటుండేది. "సూసింది గీయండి మే. అనుకునింది గీయొద్దు." కుండను గీయమంటే పిల్లలంతా గుండ్రంగా గీస్తారు. కుండ ముందు కూర్చోబెట్టి, ఎక్కడ సొట్టపోయిందో వెతకమనేది. ఆ సొట్ట గీసిన పిల్లకే ఎక్కువ మార్కులు. ఇంత గట్టిగా చెప్పే మనిషి ఒకే ఒకసారి ఆ మాట తప్పింది. ఆ తప్పు వల్ల మా ఊరి వేట బంగళా నేలమట్టం కావలసింది. దాన్ని దిద్దుకోవడానికి ఆమె చేసిన పని వల్ల నా పెళ్ళి ఎట్లా జరిగిందో ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమెను తలచుకుంటే నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ కథే.

మా ఊరు పాకాల నుంచి బస్సులో పోతే గుట్టల మధ్య వస్తుంది. ఊరి నడుమ బడి, బడి పక్కన బంగళా. వేట బంగళా అనే పిలుస్తారు. ఎప్పుడో ఒక జమీందారు వేటకు వచ్చి దిగడానికి కట్టించాడని అందరూ చెప్తారు. అప్పుడది అడవి అంచు. ఊరు మెల్లగా పెరిగి దాన్ని నడుమకు తెచ్చుకుంది. నా చిన్నప్పుడు దాంట్లో ఎరువుల మూటలు వేసేవాళ్ళు. నా పెళ్ళినాటికి అవి కూడా లేవు. గబ్బిలాలు మాత్రం ఉండేవి.

తొంభైల్లో ఒక ఎండాకాలం సెలవులకు అత్త మా ఇంటికొచ్చి, ఆ బంగళాను మొత్తం కొలిచి గీస్తానని కూర్చుంది. నేను అప్పటికే కుట్టు నేర్చుకొని ఇంట్లో మిషన్ పెట్టుకున్నాను. నా టేపు లాక్కుంది. "అత్తా, అది మనుషుల్ని కొలిచేది," అన్నాను. "ఇల్లు గూడా మనిసే, పా," అని నన్ను కూడా లాక్కుపోయింది. ఆ సెలవులంతా నా పని టేపు కొస పట్టుకోవడమే. నేనొక మూల, ఆమె ఒక మూల. "బిర్రుగా పట్టుకోమే. కొస వదిలితే గోడ వంకర పోతాది," అని అరిచేది. పొడుగు చాలక మార్చి మార్చి పెట్టి, పెట్టిన చోటల్లా సుద్దతో చిన్న బాణం గుర్తు వేసేది. సాయంత్రానికి బంగళా నిండా బాణాలు.

నాకు మొదట విసుగు. రాను రాను ఆ పని బాగుందనిపించింది. పాత జాకెట్టును విప్పి మళ్ళీ కుడితే ముందు కుట్టు పడిన చోట సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. ఆ గోడలూ అంతే. నడిమి హాలు అన్నిటికంటే పాతది. మోకాటి ఎత్తు వరకు బండరాళ్ళు, ఆ పైన ఇటుక, సున్నం. పైన మద్రాసు మిద్దె. అంటే టేకు దూలాల మీద పలుచటి ఇటుకలు నిలబెట్టి పేర్చి సున్నం పోసింది. ఆ సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి రుబ్బేవాళ్ళని అత్త చెప్పింది. గోడను నాకి చూసిందని ఊళ్ళో పుకారు పుట్టింది. నాకలేదు, వాసన చూసింది. నేను పక్కనే ఉన్నాను.

ముందరి వసారా తర్వాత వచ్చింది. జమీందారీలు పోకముందే అడవి శాఖ దొర ఒకాయన కొన్నాళ్ళు అక్కడ ఉన్నాడట. ఎండకు తట్టుకోలేక మంగుళూరు పెంకులతో వాలుగా దించాడు. దూలాలను గోడలో దూర్చడానికి పాత కిటికీల నెత్తి పగలగొట్టారు. ఆ పగిలిన కమానుల అంచులు సున్నం కింద చేతికి తగిలేవి. అత్త నా వేళ్ళు పట్టుకొని తడిమించింది. ఆ తర్వాత పంచాయతీ వాళ్ళు ఎరువులు దాచుకోవడానికి రెండు తలుపులు మూసి, నేలంతా సిమెంటు పూశారు. "సూడు, ఒకాయన నీడ కోసం పగలగొట్టినాడు. ఇంగొకరు దొంగల భయానికి మూసినారు. ఎవురి అవసరం వాళ్ళు గోడ మీద రాసిపెట్టి పోయినారు," అనింది అత్త. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొగం పాయసం గిన్నె ముందు పిల్లదానిలా ఉండేది.

అన్నిటికీ వెనక ఒక గది ఉంది. మొత్తం బంగళాలో అదే పెద్దది. హాలుకంటే పెద్దది. దూలాలకు వరసగా ఇనుప కొక్కేలు. గోడకు గాళ్ళు కొట్టిన పొడవాటి టేకు పలక. నేల మీద నడుమెత్తున నున్నటి రాతి బండ. దాని పక్కనుంచి నేలలో తొలిచిన రాతి కాలువ, గోడలోకి పోయి మాయమయ్యేది. సగం సిమెంటుతో పూడిపోయింది. అత్త ఆ గది మధ్యలో నడుము మీద చేతులు పెట్టుకొని చాలాసేపు నిలబడింది. "ఇది తోళ్ళు ఒలిసిన గది మే," అనింది గొంతు తగ్గించి. కొక్కేలకు జంతువులను వేలాడదీస్తారు. బండ మీద ఒలుస్తారు. కాలువలో రక్తం పోతుంది. గాళ్ళ పలకకు తుపాకులు. అంతా ఒకదానికొకటి సరిపోయింది. నేను ఆ బండ దగ్గర్నుంచి వెనక్కి జరిగాను. ఆమెకు మాత్రం ఆ రోజు పట్టరాని సంబరం.

బడిలో గ్రామసభ పెట్టించింది. బంగళా గురించి చెప్తే ఊళ్ళో వాళ్ళు మురిసిపోయి నాలుగు పెంకులు మార్పిస్తారని ఆమె ఆశ. గుడ్డ అతికించిన చార్టు మీద బంగళా మొత్తం రంగుల్లో గీసి గోడకు తగిలించింది. హాలు, వసారా గురించి చెప్పినంతసేపు జనం ఆవలించారు. వెనకగది దగ్గరికొచ్చాక ఆమెకు ఊపొచ్చింది. బెత్తంతో చూపిస్తూ, "ఈ కొక్కేనికి పులి, ఈ కొక్కేనికి దుప్పి, ఈడ ఒలిసేది, ఆడ నెత్తురు పోయేది," అని చెప్పుకుంటూ పోయింది. ఆవలింతలు ఆగిపోయాయి. చెప్పడం ముగించి చప్పట్ల కోసం చూసింది. ఎవరూ కొట్టలేదు.

పంచాయతీ ప్రెసిడెంటు లేచాడు. మంచి మనిషే. ఆయనకు పశువులంటే ప్రాణం, తన ఆవులను పేరు పెట్టి పిలుస్తాడు. "టీచరమ్మా, ఇంత పాపం జరిగిన తావు ఊరి నట్టనడుమ పెట్టుకోనా మనం బతకతాండేది? పక్కనే పిల్లోళ్ళు సదువుకుంటాండారు," అన్నాడు. ఊరికి కల్యాణమండపం కట్టాలని, దానికి రాయి కావాలని అప్పటికే ఒక మాట నడుస్తోంది. పాత కట్టడం గదా అని ఇన్నాళ్ళు వెనకాడారట. ఇప్పుడు ఆ జంకు పోయింది. వర్షాలు మొదలయ్యేలోపు బంగళా పడగొట్టి రాయి వాడుకుందామని ఆ సభలోనే తీర్మానించారు. అత్త గీసిన చార్టు గోడ మీద అట్లానే వేలాడుతోంది.

ఇంటికొచ్చి అత్త కాఫీ తాగలేదు. అది మా ఇంట్లో ఎన్నడూ జరగని సంగతి. "నా నోటితో నేనే కూలగొట్టుకుంటి కదరా," అని మా నాయనతో అనింది. "ఊరికే ఉండక్కా, పాత గోడలు. పోతే పోతాయి," అన్నాడు నాయన. ఆమె ఆయన వైపు చూసిన చూపుకు ఆయన లేచి పశువుల పాకలోకి పోయాడు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. నాకు నిజంగా భయమేసింది. ఆ మనిషి నోరు మూసుకొని ఉండడం ఇంటికే మంచిది కాదనిపించింది.

మర్నాడు నన్ను తీసుకొని మళ్ళీ అదే గదికి పోయింది. ఎందుకో చెప్పలేదు. మధ్యాహ్నం వరకు ఊరికే కూర్చున్నాం. మా అమ్మ కట్టిచ్చిన కారియర్ కింద పెట్టాను. కాసేపటికి చూస్తే చీమలు. "అత్తా, అన్నానికి చీమలు పడతాండాయి," అన్నాను. ఆమె లేచి, పైన కొక్కేనికి వేలాడుతున్న పాత తాడు కిందికి లాగి, దానికి కారియర్ తగిలించింది. మళ్ళీ కూర్చోబోయింది. కూర్చోలేదు. సగం వంగిన మనిషి అట్లానే ఆగిపోయి పైకి చూసింది. కారియర్ మెల్లగా ఊగుతోంది.

"అమ్మీ," అనింది. "నేనిప్పుడు ఏం చేస్తి?"

"కారియర్ తగిలించినావు."

"ఎందుకు?"

"చీమలు పట్టకుండా."

"ఉట్టి మే," అనింది. ఆ గొంతు నాకు ఇంకా వినపడుతోంది. "ఇవి ఉట్లు కట్టే కొక్కేలు మే. పాలకు, పెరుగుకు, నెయ్యికి."

ఆ తర్వాత ఆమెను పట్టుకోవడం నా వల్ల కాలేదు. పైటచెంగు నడుముకు చుట్టి రాతి బండ ఎక్కింది. సుద్దతోనే దూలం గీకితే వెల్ల రాలి, కింద నల్లటి మసి కనపడింది. ఏళ్ళ తరబడి పట్టిన పొయ్యి మసి. గాళ్ళ పలక దగ్గరికి పోయి ఒక గాడిలో వేలు పెట్టింది. "దీంట్లో తుపాకి మూతి పడతాదా? గరిటె కాడ పడతాది," అనింది. బండ మీద చెయ్యి వేసి నిమిరి, "ఓళిగలు తట్టిన బండ ఇది. లేకుంటే ఇంత నునుపు యాడొస్తాది?" అనింది. బొబ్బట్లను మా తట్టు ఓళిగలంటారు. ఇంక మిగిలింది కాలువ. దాని ముందు గొంతుక్కూర్చొని, "గంజి," అనింది. అన్నం వార్చిన గంజి పోయే కాలువ. ఊరంత అన్నం వండితే గంజి పోవడానికి ఒక దారి కావాలి కదా. ఆ గది హాలుకంటే ఎందుకు పెద్దదో అప్పుడు నాకర్థమైంది.

"సూసింది గీయమని నలభై మంది పిల్లోళ్ళకు చెప్పి, నేను మాత్రం అనుకునింది గీస్తినే," అని తల కొట్టుకుంది. తల కొట్టుకుంటూనే నవ్వింది. "వేట బంగళా అని పేరు వింటిని గదా, అన్నీ వేటగానే కనపడినాయి. ఒక్క గోడకన్నా ఒక కొమ్ము తగిలించిన మేకు ఉండాదా సూడు. ఆ జమీందారు వేటాడినాడో లేదో నాకు తెలీదు. తిన్నాడు, పదిమందికీ పెట్టినాడు. అది మాత్రం ఖాయం."

సాయంత్రం ప్రెసిడెంటు ఇంటికి పోయాం. ఆయన ఆవుకు గడ్డి వేస్తూ అంతా విన్నాడు. "టీచరమ్మా, మొన్న నెత్తురు కాలువ అంటివి. ఈ పొద్దు గంజి కాలువ అంటాండావు. రేపు ఇంగేం చెప్తావో," అన్నాడు. "వంటిల్లే అనుకో. ఆడ మాంసం వండినుండరా?"

"వండినుంటారు. ఆదివారం మీ ఇంట్లో వండరా అన్నా?" అనింది అత్త.

ప్రెసిడెంటు భార్య లోపలినుంచి నవ్వింది. ఆయన నవ్వలేదు. "మాటలకేమి. ఆ ఇంట్లో ఒక్క మంచి కార్యం జరిగుంటే చెప్పు. పోనీ, ఇప్పుడు చేసేవాళ్ళున్నారా? ఎవురన్నా ఆడ పెండ్లి చేసి, ఊరంతా కూసోని తింటే, నేనే తీర్మానం మారుస్తా," అన్నాడు.

"చేస్తాం. ఇదిగో, నా మేనకోడలి పెండ్లి," అని నా భుజం మీద చెయ్యి వేసింది మా అత్త.

నాకు అప్పటికి తాంబూలాలు అయ్యున్నాయి. ముహూర్తం దగ్గర్లో ఉంది. పాకాలలో సత్రం కూడా మాట్లాడుకున్నారు. నన్ను ఒక్కమాట అడగలేదు ఆ మహాతల్లి. దారంతా నేను తిడుతూనే ఉన్నాను. "గబ్బిలాల మధ్య తాళి కట్టించుకోవాలా నేను?" అన్నాను. "గబ్బిలాలను నేను తోలతా. నువ్వు కొస పట్టుకో, సాలు," అనింది. మా నాయన విని మండిపడ్డాడు. "నీకు బంగళా పిచ్చి ఉంటే నువ్వు చేసుకోక్కా ఆడ పెండ్లి," అన్నాడు. "నాకు సరిపోయే కొలతలు ఉన్నోడిని తీసుకరా, ఇప్పుడే చేసుకుంటా," అనింది. మా అమ్మ నవ్వింది. దాంతో మా నాయన కోపం సగం దిగిపోయింది. మిగిలిన సగం దించడానికి చిత్తూరు నుంచి పెళ్ళికొడుకు తల్లి రావలసి వచ్చింది.

ఆమె గట్టి మనిషి, పదిమందికి చేత్తో వండిపెట్టిన మనిషి. వేట బంగళాలో పెళ్ళేమిటని నిలదీయడానికే వచ్చింది. అత్త ఏమీ వాదించలేదు. నేరుగా వెనకగదిలోకి తీసుకుపోయి నిలబెట్టింది. ఆమె చుట్టూ చూసింది. బండ నిమిరింది. గరిటెల పలక చూసింది. "ఈ పలక మాదిరి మా ఇంట్లో ఒకటి ఉంటే నాకు ఇంగేం వద్దు వదినా," అనింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ పొయ్యిలు ఎక్కడ తవ్వాలా అని మాట్లాడుకున్నారు. నా పెళ్ళి అట్లా ఖాయమైంది. గట్టిగా ఆలోచిస్తే, ఆ వంటింటిని చూసే ఒప్పుకుందిగానీ నన్ను చూసి కాదు.

గబ్బిలాలు పోయాయి. కాలువలో సిమెంటు నాయనే గునపంతో తీశాడు. తిట్టుకుంటూనే తీశాడు. నీళ్ళు పోస్తే గోడలోకి పోయేవి, అటువైపు ఎక్కడా వచ్చేవి కావు. బయట గోడను ఆనుకొని కంపచెట్లు దట్టంగా పెరిగి ఉన్నాయి. "పాతది గదా, మట్టిలో ఇంకిపోతాంటాదిలే," అన్నాడు నాయన. అత్త ఒప్పుకోలేదు. అయినా పెళ్ళిపనుల్లో కంప నరికే తీరిక ఎవరికీ దొరకలేదు.

పెళ్ళి పొద్దున వసారాకు మామిడాకులు, టెంకాయ మట్టల పందిరి, గుంజలకు అరటిచెట్లు. బంగళా అంత అందంగా ఉంటుందని నేను అనుకోలేదు. ఊరంతా వచ్చింది. అక్షింతలు వేసింది. తాళి కట్టడం అయ్యాక ఒక్కొక్కరే జారుకోవడం మొదలుపెట్టారు. ఒకరికి కడుపు బాగలేదు. ఒకరికి ఒక్కపొద్దు. ఊరు ఊరంతా ఒకే రోజు ఒక్కపొద్దుండడం నేను అప్పుడే చూశాను. బడి గోడ దగ్గర గుంపుగా నిలబడి చూస్తున్నారు. వసారాలో వేసిన విస్తళ్ళలో సగం ఖాళీ. ప్రెసిడెంటు కూడా ఆ గోడ దగ్గరే ఉన్నాడు. వాళ్ళు తినకపోతే బంగళా కూలుతుంది. ఆయన మాట ఆయన చెప్పేశాడు. నేను పీటల మీద నుంచి అత్త వైపు చూశాను. ఎర్రంచు పట్టుచీర కట్టుకొని, ఆ ఖాళీ విస్తళ్ళ ముందు నిలబడి ఉంది. ఆమె మొగం అంత చిన్నబోవడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆ క్షణాన నా పెళ్ళికంటే ఆమె బంగళా నిలవాలనే మొక్కుకున్నాను.

అప్పుడే వెనకగదిలో అన్నం వార్చారు. పెద్ద గుండిగ వంచితే గంజి కాలువలో పారి గోడలోకి పోయింది. కాసేపటికి బయట కేకలు. ప్రెసిడెంటు ఆవులు మేతకు పోతూ పోతూ బంగళా వెనక్కి తిరిగాయి. ఎంత అదిలించినా కదలవు. కంపలోకి మూతులు దూర్చి నేల నాకుతున్నాయి. "రేయ్, ముండ్లు గుచ్చుకుంటాయి, రాండి," అని ప్రెసిడెంటు కర్ర తీసుకొని పరిగెత్తాడు. కంప పక్కకు లాగాడు. మట్టి తడిగా ఉంది. కర్రతో గీరితే రాతి అంచు తగిలింది. ఆయన పంచె ఎగ్గట్టి కూర్చొని రెండు చేతులా మట్టి తోడడం మొదలుపెట్టాడు. ఇంకో నలుగురు చెయ్యి వేశారు. ఒకే రాయిలో తొలిచిన పొడవాటి తొట్టి బయటపడింది. లోపల రెండో గుండిగ వార్చినట్టున్నారు. గోడలోని రాతి మూతి గుండా గంజి వచ్చి తొట్టిలో పడింది. ఆవులు ఎవరినీ అడగకుండా తాగాయి.

అత్త అందరినీ తోసుకుంటూ వచ్చింది. పట్టుచీరతో ముళ్ళలోకి దిగింది. రొంటి నుంచి నా టేపు తీసింది. పెళ్ళిలో కూడా అది ఆమె రొంటినే ఉంది. "అమ్మీ, రామే, ఈ కొస పట్టుకో," అని అరిచింది. నేను పీటల మీద నుంచి లేచి, పూలదండతో, పసుపు కాళ్ళతో పోయి కొస పట్టుకున్నాను. మా ఆయన బిత్తరపోయి చూస్తున్నాడు. ఫోటోలు తీసే అబ్బాయి దాన్ని ఫోటో తీశాడు. నా పెళ్ళి ఆల్బంలో నేను నవ్వుతున్న ఫోటో అదొక్కటే.

ప్రెసిడెంటు మట్టిచేతులతో అట్లానే కూర్చొని, ఆవు గొంతులో గంజి దిగడం చూస్తున్నాడు. "జీవాల్ని సంపే ఇంటికి కుడితి తొట్టి ఎవురు కడతారు టీచరమ్మా?" అన్నాడు.

"అదే గదన్నా నేను చెప్తాండేది," అనింది అత్త. టేపు చుట్టి రొంటిన దోపుకుంది.

ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు. నేరుగా వసారాలోకి పోయి ఒక విస్తరి ముందు కూర్చున్నాడు. "ఓళిగలు ఉండాయా, అయిపోయినాయా?" అని అడిగాడు. ఆ మాటతో ఊరందరికీ ఒక్కపొద్దు తీరింది. కడుపు బాగలేనివాళ్ళు రెండోసారి కూడా వడ్డించుకున్నారు.

బంగళా నిలిచింది. పెంకులు మార్పించారు. బడిలో మధ్యాహ్న భోజనం వచ్చాక వంట ఆ వెనకగదిలోకే మార్చారు. గరిటెలు మళ్ళీ గాళ్ళలోకి చేరాయి. కొక్కేలకు ఇప్పుడు టమోటా గంపలు వేలాడతాయి, ఎలుకలకు అందకుండా. అత్త రిటైరై మా నాయన దగ్గరికి వచ్చేశాక, మధ్యాహ్నం గంట కొట్టగానే తన పళ్ళెం తీసుకొని పిల్లల వరసలో నిలబడేది. తను గీసిన తప్పు చార్టును ఆమె పారేయలేదు. దిద్దిన చార్టు పక్కన బడిలో అదీ తగిలించింది. "సొట్ట గూడా కనపడాల," అనేది. పిల్లలకు ఆ తప్పు చార్టే ఎక్కువ ఇష్టం. దాంట్లో పులి ఉంది.

ఆమె పెద్దదినం కర్మ నాటి వంట ఆ గదిలోనే చేయించాం. ఎవరూ వేరే మాట అనుకోలేదు. ఊరంతా వచ్చి తినింది. ప్రెసిడెంటు ముసలివాడయ్యాడు, కర్ర సాయంతో వచ్చి ఓళిగల గురించి అడిగి మరీ కూర్చున్నాడు. లోపల అన్నం వార్చే చప్పుడు వినిపించి నేను బంగళా వెనక్కి పోయాను. తొట్టి అంచున అత్త మేకుతో గీసిన బాణం గుర్తు ఇంకా ఉంది. సుద్దతో వేస్తే వానకు పోతుందని గీసింది. గంజి వచ్చి పడుతోంది. ఒక దూడ కళ్ళదాకా మొగం ముంచి తాగుతోంది.

నా రొంటిన టేపు ఉంది. ఎందుకో కొలవాలనిపించింది. ఒక కొస బాణం గుర్తు మీద వేలితో అదిమిపెట్టి, ఇంకో కొస పట్టేవాళ్ళ కోసం అలవాటుగా తల ఎత్తాను. ఎవరూ లేరు. టేపు రెండో కొస జారి గంజిలో పడింది. దూడ దాన్ని నోట పట్టుకుంది. లాగాను. వదల్లేదు. మొగమంతా తెల్లగా గంజి కారుతుండగా నాలుగు కాళ్ళు పాతేసి, నావైపే చూస్తూ నిలబడింది. టేపు తొట్టి మీద వంకర లేకుండా సాగింది.

"బిర్రుగా పట్టుకోమే," అన్నాను.